ఆరు కాదు... ఏడు!

ఉద్యోగం లేని 61వ రోజున, ఇంట్లోవాళ్లతో వెళ్లిన వీకెండ్ ట్రిప్‌లో ఓ చిన్న డిస్క్ గోల్ఫ్ టోర్నమెంట్ ఆడాను. 17 మందిలో 14వ స్థానం. కానీ ఆ రోజు నా స్కోర్‌కార్డులో పడిన ఒకే ఒక్క అంకె, తర్వాత నా రెజ్యూమెను కూడా మార్చేసింది.

"ఇంటర్వ్యూలు రావట్లేదని రోజూ మొహం వేలాడేసుకుంటావు. ఇప్పుడేమో పళ్లేలు విసరడానికి పోతానంటావా?"

కారు డిక్కీలో నా బ్యాగు పెడుతుంటే అక్క అన్న మాట ఇది. ఆమెను తప్పుపట్టలేను. మూడేళ్ల కిందటి ఏప్రిల్ అది. అంతకుముందు డిసెంబరులో నా ఎమ్మెస్ పూర్తయింది. కాన్వొకేషన్ చూడ్డానికి అమ్మానాన్న అమెరికా వచ్చారు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అక్కాబావల ఇంట్లో అందరం ఉన్నాం. అప్పటికి నేను పంపిన అప్లికేషన్లు 340. వచ్చిన ఇంటర్వ్యూలు తొమ్మిది. ఆఫర్లు సున్నా.

మరి టోర్నమెంటుకు ఎందుకు పేరిచ్చానంటారా? ఫిబ్రవరిలో ఇచ్చాను. అప్పటికల్లా ఉద్యోగం వచ్చేస్తుందన్న ధీమా. 45 డాలర్లు కట్టేశాను, తిరిగి ఇవ్వరు. ఎలాగూ వేకో ఊరు చూడాలని బావ ఎప్పటినుంచో అంటున్నాడు. అక్కడ మామత్ ఏనుగుల ఎముకలు చూడాలని ఆరేళ్ల మేనల్లుడి గోల. అలా నా ఆట, వాళ్ల ట్రిప్ ఒకే వీకెండ్‌లో కలిశాయి. ఫ్రిస్కో నుంచి సుమారు 120 మైళ్లు. ఏప్రిల్ కాబట్టి హైవే పక్కన నీలిరంగు బ్లూబోనెట్ పూలు విరగబూసి ఉన్నాయి. అమ్మ కిటికీలోంచి వాటిని చూస్తోంది. నేను ఫోన్‌లో రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

90 రోజుల గడియారం

ఆ లెక్క ఏంటో ముందు చెప్పాలి. ఎఫ్-1 వీసాపై చదివినవాళ్లకు చదువయ్యాక ఓపీటీ పేరుతో 12 నెలలు పనిచేసుకునే అనుమతి ఉంటుంది. ఆ కాలంలో ఉద్యోగం లేకుండా గడిచిన రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. స్టెమ్ కోర్సులవాళ్లకు ఇంకో 24 నెలల పొడిగింపు ఉంది. కానీ అది దక్కాలంటే ముందు చేతిలో ఉద్యోగం ఉండాలి. ఆ శనివారానికి నా గడియారంలో 61 రోజులు అయిపోయాయి. మిగిలింది 29.

ఇంకో సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గురువారం ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడినాయన తెలుగువాడే. చాలా ఆప్యాయంగా మాట్లాడాడు.

"ఫ్రెషర్ రెజ్యూమెను ఎవరు చూస్తారు తమ్ముడూ? మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడదాం. బెంగళూరులో చేసినట్టు మేం తయారుచేస్తాం. రిఫరెన్స్ కాల్ వస్తే మావాళ్లే ఎత్తుతారు. సోమవారంలోగా చెప్పు."

నా రూమ్మేట్ ఒకడు అదే దారిలో వెళ్లి నెలన్నరలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. వాడు చెడ్డవాడేం కాదు. నా కంటే బాగా కోడింగ్ చేస్తాడు కూడా. మా ఊళ్లో మా ఇంటి కాగితాలు ఎడ్యుకేషన్ లోన్ కింద బ్యాంకులో ఉన్నాయి. నేను ఉత్త చేతులతో వెనక్కి వెళ్తే ఆ లోన్ ఎవరు కడతారు? కాబట్టి నిజం చెప్పాలంటే, కారెక్కేటప్పటికి నా మనసులో ముప్పాతిక వంతు "సరే" అనే ఉంది.

ఇంతకీ ఏంటీ ఆట?

డిస్క్ గోల్ఫ్ అంటే పేరులోనే ఉంది. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొడతారు. ఇక్కడ డిస్కును చేత్తో విసురుతారు. రంధ్రం బదులు ఇనుప స్తంభానికి బిగించిన బుట్ట, దానిపైన వేలాడే గొలుసులు ఉంటాయి. డిస్కు గొలుసులకు తగిలి బుట్టలో పడితే ఆ 'హోల్' అయిపోయినట్టు. ఎన్ని విసుర్లలో పూర్తిచేశావన్నదే స్కోరు. తక్కువైతే గొప్ప. మామూలుగా 18 హోల్స్. దూరం పోవడానికి అంచు పదునుగా ఉండే డ్రైవర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, బుట్ట దగ్గర పడేయడానికి పట్టర్ అని డిస్కుల్లో రకాలున్నాయి.

ఎడ్ హెడ్రిక్ అనే అమెరికన్‌ను ఈ ఆటకు పితామహుడంటారు. వామ్-ఓ కంపెనీలో ఫ్రిస్బీని మెరుగుపరిచింది ఆయనే. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆలోచనే. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు వెలిసింది. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్, అంటే పీడీజీఏ మొదలైంది. ఆయన 2002లో చనిపోయాక, కోరుకున్నట్టే ఆయన అస్థికల బూడిదను కలిపి డిస్కులు తయారుచేశారు. 2021లో పాల్ మెక్‌బెత్ అనే ఆటగాడు ఓ డిస్కుల కంపెనీతో పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. అంటే పైస్థాయిలో డబ్బులూ ఉన్నాయి.

కానీ నన్ను లాగింది అవేవీ కాదు. ఇది దాదాపు ఫ్రీ! ఎక్కువ కోర్సులు పబ్లిక్ పార్కుల్లోనే ఉంటాయి. ఒక డిస్కు పది పదిహేను డాలర్లకు దొరుకుతుంది. ఎమ్మెస్ స్టూడెంట్ జేబుకు ఇంతకంటే చౌకైన ఆట దొరకదు. మన దగ్గర అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడే బృందాలు చాలా నగరాల్లో ఉన్నాయి గానీ, డిస్క్ గోల్ఫ్ ఇంకా కొత్తే.

నీ డివిజన్ ఏది?

ఈ ఆటలో నాకు బాగా నచ్చింది రేటింగ్ పద్ధతి. అధికారికంగా ఆడిన ప్రతి రౌండుకూ పీడీజీఏ ఒక అంకె ఇస్తుంది. 1000 అంటే స్క్రాచ్ స్థాయి, చాలా గట్టి ఆటగాడు. అమెచ్యూర్లను ఆ అంకెను బట్టే విడదీస్తారు. 850 కంటే తక్కువైతే నోవిస్. 900 లోపు రిక్రియేషనల్. 935 లోపు ఇంటర్మీడియట్. ఆ పైన అడ్వాన్స్‌డ్. రేటింగ్ ఎక్కువున్నవాడు కింది డివిజన్‌లో ఆడి బహుమతులు కొట్టేయడానికి వీల్లేదు. కింది స్థాయివాడు పైన ఆడతానంటే మాత్రం అడ్డులేదు. అసలు రేటింగే లేని కొత్తవాడైతే ఏ డివిజన్‌లోనైనా పేరు ఇచ్చుకోవచ్చు.

అంటే నేను కావాలంటే 'అడ్వాన్స్‌డ్' అని రాసుకోవచ్చు. ఎవరూ సర్టిఫికెట్ అడగరు. కానీ టీ దగ్గర నిలబడ్డాక ఆ పేరు మనల్ని కాపాడదు. వాళ్లు 350 అడుగులు విసురుతుంటే మనం 200 అడుగుల దగ్గర పొదల్లో వెతుక్కుంటూ ఉంటాం. అందుకే బుద్ధిగా నోవిస్‌లో చేరాను. ఫిబ్రవరిలో ఆ ఫారం నింపేటప్పుడు నాకు క్షణం కూడా ఆలోచన రాలేదు. మరి రెజ్యూమె విషయంలో ఎందుకొచ్చింది? ఆ ప్రశ్న నాకు తట్టడానికి శనివారం దాకా పట్టింది.

నాన్న బ్యాగు మోశారు

వేకోలో బ్రాజోస్ నది పక్కనే కామెరాన్ పార్క్. 416 ఎకరాలు, 1910లో ఆ కుటుంబం ఊరికి దానమిచ్చిన భూమితో మొదలైంది. పొద్దున్నే ఆటగాళ్లందరినీ పిలిచి రూల్స్ చెప్పారు. తొమ్మిదింటికి షాట్‌గన్ స్టార్ట్. అంటే నలుగురేసి చొప్పున ఒక్కో బృందం ఒక్కో హోల్ దగ్గరికి వెళ్లి, అందరూ ఒకేసారి మొదలుపెడతారు. అక్కా బావా అమ్మా, పిల్లాణ్ని తీసుకొని పార్కును ఆనుకొనే ఉన్న జూకు వెళ్లారు. వెళ్లేముందు అమ్మ ఆ బుట్టను నాలుగువైపులా తిరిగి చూసి, "ఇంతా చేసి పళ్లెం గంపలో వేయడమేనా!" అని నవ్వింది.

నాన్న మాత్రం "నేను వీడితో ఉంటా" అన్నారు. బ్యాగు భుజాన వేసుకున్నారు. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. భుజానికి బ్యాగు లేకపోతే ఆయనకే తోచదనుకుంటా.

నా బృందంలో ముగ్గురు. యాభై ఏళ్ల స్కూల్ బస్ డ్రైవర్ ఒకాయన, ప్లంబింగ్ పనిచేసే కుర్రాడు, హైస్కూల్ చదివే అబ్బాయి. మా నాన్న బస్ కండక్టర్ అని చెప్పగానే డ్రైవరాయన వచ్చి గట్టిగా షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇద్దరికీ భాష రాదు. అయినా 18 హోల్సూ పక్కపక్కనే నడిచారు.

మొదటి హోల్‌లోనే నా డిస్కు చెట్టుకు కొట్టుకొని నా కాళ్ల దగ్గరికే వచ్చింది. రెండోది కూడా అంతే. మూడో హోల్ అయ్యేసరికి చెమటలు. విసరడానికి 30 సెకన్ల సమయం ఉంటుంది. నేను మూడు సెకన్లలో విసిరేస్తున్నాను, ఎలాగోలా అయిపోతే చాలన్నట్టు. ఫోన్ ఇంటర్వ్యూల్లోనూ ఇదే నా జబ్బు. ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు మొదలుపెట్టేవాణ్ని.

ఐదో హోల్ దగ్గర నాన్న నీళ్ల బాటిల్ ఇస్తూ అన్నారు. "వాళ్లందరూ విసిరే ముందు ఊపిరి పీలుస్తున్నారు. నువ్వు విసిరాక పీలుస్తున్నావు."

ఆటంటే ఏంటో ఆ పొద్దున్నే తెలుసుకున్న మనిషి చెప్పిన మాట అది! ఆరో హోల్ నుంచి లెక్కపెట్టి పది సెకన్లు ఆగాను. అద్భుతాలేమీ జరగలేదు. కానీ చెట్లకు కొట్టడం తగ్గింది.

పదకొండో హోల్

అసలు కథ ఇక్కడుంది. పదకొండో హోల్‌కు నీళ్లు అడ్డం. మొదటి విసురు చెట్లలోకి. రెండోదాంతో బయటపడ్డాను. మూడోది నీళ్లలో పడింది. హద్దు దాటితే పెనాల్టీ ఒకటి కలుపుతారు. మళ్లీ విసిరి బుట్ట దగ్గరికి చేరాను. పట్ పైనున్న ఇనుప పట్టీకి కొట్టుకొని కిందపడింది. తర్వాతిది లోపల.

ప్రతి హోల్ అయ్యాక ఎవరి స్కోరు వాళ్లు చెబుతారు. రాసేవాడు రాసుకుంటాడు. డిస్కు నీళ్లలో పడటం అందరూ చూశారు. కానీ ఎదుటివాడు పెనాల్టీ కలిపాడా లేదా అని వేళ్లు మడిచి లెక్కపెట్టే అలవాటు ఎవరికీ ఉండదు. ఈ ఆట సగం నమ్మకం మీదే నడుస్తుంది.

స్కోరు రాస్తున్న హైస్కూల్ అబ్బాయి నా వైపు చూశాడు. "ఆరు" అన్నాను.

వెనక నుంచి నాన్న, మెల్లగా: "ఏడు కదరా."

తిరిగి చూశాను. కుడిచేతి వేళ్లు మడిచి నిలబడి ఉన్నారు. పొద్దున రూల్స్ చెప్పేటప్పుడు నేనే ఆయనకు అనువాదం చేసి చెప్పాను, నీళ్లలో పడితే ఒకటి ఎక్కువని. ఆయన గుర్తుపెట్టుకున్నారు.

అక్కడ తెలుగు తెలిసినవాళ్లం ఇద్దరమే. డ్రైవరాయన "ఏమంటున్నారు?" అని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి నవ్వేయొచ్చు. ఒకటీ రెండూ సెకన్లే. కానీ ఆ రెండు సెకన్లలో గురువారం ఫోన్‌కాల్ మొత్తం మళ్లీ వినిపించింది. మూడేళ్లు పెడదాం తమ్ముడూ... ఎవరు చూస్తారు?

"ఏడంటున్నారు. ఆయన చెప్పిందే కరెక్ట్. నేను పెనాల్టీ కలపలేదు" అన్నాను. అబ్బాయి దిద్దుకున్నాడు. డ్రైవరాయన నాన్న భుజం తట్టాడు. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పన్నెండో హోల్‌కు నడిచాం.

నిజంగా మర్చిపోయానా, మర్చిపోవాలనుకున్నానా? ఇప్పటికీ నాకు కచ్చితంగా తెలియదు. అదే నన్ను భయపెట్టింది. రూల్ ఏంటంటే, తప్పు స్కోరుతో కార్డు ఇచ్చేశాక బయటపడితే అసలు స్కోరు వేయడంతో సరిపెట్టరు, పైన ఇంకో రెండు కలుపుతారు. అంటే ఆరు అని దాటేసిన ఏడు, దొరికిపోతే తొమ్మిది! ఇచ్చేముందు నోరు తెరిచి చెప్పుకుంటే మాత్రం ఏడు ఏడే.

మొదటి రౌండ్ 69. పార్ 54 కాబట్టి 15 ఎక్కువ. మధ్యాహ్నం పెకాన్ చెట్ల కింద అమ్మ తెచ్చిన పులిహోర తిన్నాం. డ్రైవరాయనకు కూడా పెట్టింది. రెండో రౌండ్‌లో 64. నాలుగో హోల్‌లో దూరం నుంచి వేసిన పట్ గొలుసుల్లో ఝల్లుమని పడింది. బర్డీ, అంటే పార్ కంటే ఒకటి తక్కువ. ఆ చప్పుడు వింటే మీరూ ఈ ఆటకు బానిసలైపోతారు! మొత్తం 133. పదిహేడు మందిలో 14. ఆ ఒక్కటి దాచుకుని ఉంటే 132తో ఇంకొకరితో 13వ స్థానం పంచుకునేవాణ్ని. పదమూడో స్థానానికీ బహుమతి లేదు లెండి. అమెచ్యూర్లకు డబ్బు కాదు, డిస్కుల్లాంటి సరుకే ఇస్తారు. అదీ పైనున్న కొద్దిమందికే.

స్టేజీ స్టేజీకీ గుండె దడ

రాత్రి హోటల్ బయట బెంచీ మీద నాన్నకు కన్సల్టెన్సీ సంగతి చెప్పేశాను. తిడతారనుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత అన్నారు. "మా సర్వీసులో నేనూ చూశాను. టికెట్ కొట్టకుండా డబ్బులు తీసుకునేవాళ్లు ఉండేవాళ్లు. అందరూ దొరకలేదు. కానీ చెకింగ్‌వాళ్లు ఏ స్టేజీలో ఎక్కుతారో ఎవడికి తెలుసు? స్టేజీ స్టేజీకీ గుండె దడ. ఆ దడతో 31 ఏళ్లు నావల్ల కాదురా అనుకున్నా. అంతే. నేనేదో గొప్పోణ్ని కాదు."

"మరి లోన్, నాన్నా? ఇల్లు?"

"ఇంటి కాగితాలు నా లెక్క. నీ కాగితం నీ లెక్క."

అక్కడితో లేచి పడుకోవడానికి వెళ్లిపోయారు. చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆదివారం అందరం వేకో మామత్ నేషనల్ మాన్యుమెంట్‌కు వెళ్లాం. 1978లో ఇద్దరు యువకులు నది దగ్గర తిరుగుతుంటే ఓ పెద్ద ఎముక కనిపించిందట. తవ్వితే కొలంబియన్ మామత్‌ల గుంపే బయటపడింది. 2015లో దాన్ని జాతీయ స్మారక కట్టడంగా ప్రకటించారు. ఎముకలు తవ్వినచోటే ఉన్నాయి, పైన షెడ్డు కట్టారు. మట్టి కింద వేల ఏళ్లున్నవి కూడా బయటికి వస్తాయన్నమాట! మేనల్లుడు దంతాలు లెక్కపెడుతుంటే నేను ఫోన్ తీసి ఒక్క ముక్క మెసేజ్ పెట్టాను: "వద్దండీ, నా అసలు రెజ్యూమెతోనే వెతుక్కుంటాను." అవతలినుంచి బొటనవేలి గుర్తు వచ్చింది. అంతే. వాళ్లకు నాలాంటివాళ్లు రోజుకు ఎంతమందో.

ఉద్యోగం వెంటనే వచ్చేసిందా?

రాలేదు. ఇక్కడ మీకు సినిమా ముగింపు చెప్పను. ఆ తర్వాత ఇంకో 11 చోట్ల రిజెక్ట్ అయ్యాను. ఒక ఇంటర్వ్యూలో నోటమాట రాక మధ్యలోనే ముగించాల్సి వచ్చింది.

మారింది ఒకటే. రెజ్యూమెలో 'అనుభవం' అన్నచోట ఉన్నదే రాశాను. బీటెక్‌లో హైదరాబాద్‌లో చేసిన రెండు నెలల ఇంటర్న్‌షిప్. యూనివర్సిటీలో ప్రొఫెసర్ దగ్గర చేసిన పని. ఇంకా చోటు మిగిలిపోయింది. దాన్ని ఎలా నింపాలా అని ఆలోచిస్తుంటే డిస్క్ గోల్ఫే గుర్తొచ్చింది. ప్రాక్టీస్‌లో ఆడిన 41 రౌండ్ల స్కోర్లు నా ఫోన్‌లో ఉన్నాయి. పైథాన్‌లో వాటిని పెట్టి, నా విసుర్లు ఎక్కడ వృథా అవుతున్నాయో చూశాను. డ్రైవ్ బలహీనం అనుకునేవాణ్ని. డేటా వేరే చెప్పింది. ఎక్కువ నష్టం బుట్టకు ఐదు నుంచి పది మీటర్ల మధ్య పట్స్ తప్పడంలో! అలా మొదటి బ్లాగ్ పోస్ట్ రాశాను. కోడ్, గ్రాఫులు, ఆ ఏడుతో సహా అన్నీ పెట్టాను.

ఓ చిన్న లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు గురించే ఇరవై నిమిషాలు అడిగారు. డేటాలో తప్పులుంటే ఎలా కనిపెట్టావు? శాంపిల్ చిన్నదని తెలుసా? 41 రౌండ్లతో ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు? ప్రతిదానికీ జవాబు ఉంది. ఎందుకంటే అది నేను నిజంగా చేసిన పని. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగి, ఊపిరి పీల్చి మాట్లాడాను. 84వ రోజున ఆఫర్ వచ్చింది. టెస్టింగ్ టీమ్‌లో. కన్సల్టెన్సీ ఆశపెట్టిన దానికంటే జీతం బాగా తక్కువ.

మరి నా రూమ్మేట్? బాగానే ఉన్నాడు. ఇప్పటికీ నా కంటే ఎక్కువే సంపాదిస్తున్నాడు. కానీ కంపెనీ మారాలన్న ప్రతిసారీ ఆ లేని మూడేళ్లను మళ్లీ మోయాలి. మొన్న ఫోన్‌లో, "వెరిఫికేషన్ అంటే చాలు, వారం నిద్రపట్టదురా" అన్నాడు. స్టేజీ స్టేజీకీ దడ అంటే ఇదే కాబోలు.

మీ స్కోర్‌కార్డుకు ఐదు మాటలు

మీ డివిజన్‌లో పేరివ్వండి. ఫ్రెషర్ అయితే ఫ్రెషర్ పోస్టులకే గట్టిగా ప్రయత్నించండి. కొంచెం పైస్థాయి ఉద్యోగానికి అప్లై చేయడం తప్పు కాదు, అది పై డివిజన్‌లో ఆడటమే. లేని రేటింగ్ ఉందని చెప్పడమే తప్పు.

కార్డు ఇచ్చేముందే దిద్దుకోండి. రెజ్యూమెలో ఇంటర్న్‌షిప్ నెలలు, పర్సంటేజీ, బ్యాక్‌లాగ్స్ అన్నీ పంపేముందు ఒకసారి సరిచూసుకోండి. ఎక్కడైనా పొరపాటు కనిపిస్తే మీరే హెచ్‌ఆర్‌కు చెప్పండి. మీరు చెబితే అది సవరణ, వాళ్లు కనిపెడితే మోసం.

చెకింగ్ ఎక్కడైనా ఎక్కుతుంది. మన దేశంలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే కంపెనీలు పీఎఫ్ రికార్డులు కూడా చూస్తాయి. యూఏఎన్ కింద ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో కనిపిస్తుంది. జాయినయ్యాక బయటపడినా ఉద్యోగం పోతుంది. అమెరికాలో అయితే తప్పుడు వివరాలతో వీసా ప్రయోజనం పొందినట్టు తేలితే ఆ దేశంలో అడుగుపెట్టే అర్హతే శాశ్వతంగా పోవచ్చు.

చిన్నదైనా సొంత పని చూపించండి. నాది పార్కులో విసిరిన డిస్కుల లెక్క. మీది మీ కాలేజీ బస్సు ఆలస్యాల లెక్క కావచ్చు, మీ ఊరి రైతుబజార్ ధరల పట్టిక కావచ్చు. ఇంటర్వ్యూలో ఎటునుంచి అడిగినా చెప్పగలిగితే చాలు.

ఒక్క చెత్త రౌండ్‌తో లెక్క తేల్చుకోకండి. పీడీజీఏ రేటింగ్‌లో ఇటీవలి రౌండ్లకు ఎక్కువ విలువ ఇస్తారు. తగినన్ని రౌండ్లు ఆడాక, సగటుకు చాలా దిగువన పడిన మరీ ఘోరమైన రౌండ్‌ను లెక్కలోంచి తీసేస్తారు. మధ్యలో ఆగిపోయిన ఆ ఇంటర్వ్యూను నేనూ అలాగే తీసేశాను.

ఆ వేకో రౌండ్లకు నాకొచ్చిన రేటింగులు 761, 806. ఇప్పుడు నా రేటింగ్ 861. అంటే నోవిస్‌లో ఆడే అర్హత పోయింది! ఇక రిక్రియేషనల్‌లోనో ఆ పైనో ఆడాల్సిందే. అనర్హుణ్ని అయినందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

బ్యాంకు నుంచి ఇంటి కాగితాలు ఇంకా రాలేదు, వాయిదాలు నడుస్తున్నాయి. అమ్మానాన్న ఊళ్లోనే ఉన్నారు. నేను టోర్నమెంట్ ఆడిన ప్రతి శనివారం రాత్రి నాన్న ఫోన్ చేస్తారు. ఎన్నో స్థానం వచ్చిందని ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదు. ఆయన అడిగేది ఒకటే.

"లెక్క సరిపోయిందా?"